గడియారం లేని నిమిషం

గోడ మీద వరసగా నిలబెట్టిన మూడు సెల్లులను చెంగల్రాయుడు ఎండ తగిలేలా కాస్త పక్కకు జరిపాడు. టార్చిలైటులో వేసే పెద్ద సెల్లులే అవి. ఆఫీసులో అడిగితే కొత్తవి ఇస్తారు. కానీ దానికి ఇండెంటు రాయాలి, స్టోరు గుమాస్తా సంతకం పెట్టాలి, పెడుతూ పెడుతూ ఎందుకూ ఏమిటీ అని ఆరా తీస్తాడు. ఇవాళ్టి పనికి ఎవరూ ఏమీ అడక్కుండా ఉంటేనే మేలు. పైగా ఎండ తిన్న సెల్లు ఇంకో పూట పనిచేస్తుందని ముప్పై ఏళ్లుగా ఆయన నమ్మకం. ఎమ్మెస్సీలు చదివిన ఆఫీసర్లు ఎందరో వచ్చి పోయారు గానీ, ఈ ఒక్క విషయంలో ఆయనతో వాదించి గెలిచినవాడు లేడు.

కొర్లగుంటలో రెండు గదుల అద్దె ఇల్లు. ఎనభై మూడో సంవత్సరం, జులై నెలాఖరు. ఇంకో మూడు రోజులైతే ఆయనకు యాభై ఎనిమిది నిండి, సర్వే ఆఫీసులో అటెండరు ఉద్యోగం అయిపోతుంది. మనిషి సన్నగా, ఎండకు మాగిన తుమ్మ కర్రలా ఉంటాడు. మీటరు పెట్టె తోలుపట్టీ మోసీ మోసీ కుడి భుజం ఎడమదాని కంటే రెండు వేళ్లు కిందికి దిగింది. మోకాళ్లు రెండూ కాయలు కాచి నల్లబడ్డాయి. గుడికి పోయినా అంతగా మోకాళ్ల మీద కూర్చునే అలవాటు లేదు గానీ, జిల్లాలో ఆయన మోకాలు ఆనని పొలం తక్కువ.

కొన్ని రాళ్లూ కొన్ని మన్నులూ కంటికి కనపడని కిరణాలు విడుస్తుంటాయి. అవి ఎంత ఉన్నాయో కొలిచే ఆఫీసు అది. ఇనుప పెట్టెకు తీగ, తీగ చివర గొట్టం, చెవులకు తగిలించుకోను రెండు చిప్పలు. గొట్టం నేలకు దగ్గరగా పెడితే చెవిలో టిక్కు, టిక్కు అని వినిపిస్తుంది. పెట్టె మీది సూది అటూ ఇటూ ఊగి, ఒక నిమిషానికి కుదురుకుంటుంది. అది ఏ గీత మీద నిలిస్తే ఆ అంకె పుస్తకంలో రాసుకోవాలి. మామూలు నేలకు పది, పన్నెండు, మహా అయితే పద్నాలుగు. మిగిలిన లెక్కలన్నీ ఆఫీసర్లవి. నిమిషం మాత్రం చెంగల్రాయుడిది.

సెల్లులు కాగుతుండగా ఆయన లోపలికి వెళ్లి, మేకుకు వేలాడుతున్న గడియారం తీసి తాళం ఇచ్చాడు. ఇరవై తిప్పులు. ఒకప్పుడు దాని ముళ్లకూ అంకెలకూ పూసిన రేడియం రంగు చీకట్లో పచ్చగా మెరిసేది. ఆ వెలుగు ఎప్పుడో చచ్చిపోయింది. ఇప్పుడు అంకెలు కాఫీ డికాక్షను చుక్కలు ఎండినట్టు ఉన్నాయి. చేతికి కట్టుకుంటుంటే రొమ్ములో ఎడమ పక్క ఏదో పట్టేసినట్టయింది. రాత్రి తిన్న అలసంద వడల మీద ఆ నేరం మోపి, రెండు లోటాల నీళ్లు తాగాడు.

జీపు వచ్చేసరికి సెల్లులు పెట్టెలో వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. ముందు సీట్లో ఆఫీసరు బాలసుబ్రమణ్యం. ముప్పై ఏళ్ల వాడు, నిదానస్తుడు. పుత్తూరు వైపు పనుంది ఆయనకు. దారిలో వడమాలపేట దగ్గర చెంగల్రాయుణ్ణి దించి, మూడు గంటలకు మళ్లీ ఎక్కించుకునేట్టు ఒప్పందం. ఆ ఒప్పందం కోసం చెంగల్రాయుడు ఏడాదిగా ఆయన వెంట పడ్డాడు.

"మీరు చెప్పింది నేను నమ్ముతాను చెంగల్రాయుడూ. కానీ రిజిస్టరు నమ్మాలి కదా? అందులో ఒక అంకె ఉంది. దాన్ని ఇంకో అంకే కొట్టెయ్యాలి. మాటలతో కొట్టెయ్యడం కుదరదు" అన్నాడు బాలసుబ్రమణ్యం, ఇదివరకు చాలాసార్లు అన్నట్టే.

"అందుకే గదా సార్ పోతా ఉండేది" అన్నాడు చెంగల్రాయుడు.

"ఒకవేళ మళ్లీ పాత అంకే వస్తే?"

చెంగల్రాయుడు పెట్టెను ఒళ్లోకి లాక్కున్నాడు. పాత అంకె వస్తే తన తప్పేమీ లేనట్టే. హాయిగా రిటైరైపోవచ్చు. రాకపోతే, పదకొండేళ్ల పాపం తన నెత్తిన ఉన్నట్టు. అయినా రాకూడదనే ఆయన కోరిక. రాత్రి వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నదీ అదే.

వడమాలపేట దాటాక కాలిబాట మొదట్లో జీపు ఆయన్ను దించి వెళ్లిపోయింది. పెట్టె భుజాన వేసుకుని నడుస్తుంటే పాత రోజులు వద్దన్నా వచ్చి పక్కన నడిచాయి. సత్యవేడు సీజను, కార్వేటినగరం సీజను అని ఆయన వయసును ఆయన సర్వే సీజన్లతోనే లెక్కపెట్టుకుంటాడు. ఎన్ని గుడారాలు! కార్వేటినగరం మామిడి తోపుల్లో గుడారం వేసినప్పుడు రాత్రంతా కాయలు దబ్బుదబ్బుమని పైన రాలేవి. ఊళ్లలో పిల్లకాయలు టిక్కు పెట్టె వచ్చిందని వెంటపడేవాళ్లు. చెవి చిప్పలు ఒక్కసారి పెట్టమని బతిమాలి, పెడితే భూమి మాట్లాడుతోందని కేకలు వేసేవాళ్లు. ఇల్లు వదిలి ఆరేసి నెలలు తిరిగినా, ఏ సాయంత్రమూ బతుకు చప్పగా అనిపించలేదు. ఆ రోజులు మళ్లీ ఇస్తానంటే పించను వదులుకుంటాడు చెంగల్రాయుడు. అడిగేవాళ్లే లేరు.

డెబ్బై రెండో సంవత్సరం సీజను ఆఖరి రోజున, అప్పటి ఆఫీసరు బదిలీ మీద పోతూ తన చేతి గడియారం విప్పి ఈయన చేతికి కట్టాడు. పటాలంలో వాడిన గడియారం. అంతవరకు ఎవరో ఒకరు టైము చెబితేనే నిమిషం తెలిసేది. ఇప్పుడు నిమిషం తన చేతి మీదే ఉంది! ఆ గర్వం ఇంతా అంతా కాదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, ఆఖరున మిగిలిన ఒక్క చేనులోకి దిగాడు. ఎప్పుడూ కుడిచేత్తో పట్టే గొట్టాన్ని ఎడమచేత్తో పట్టాడు, పని చేస్తూ గడియారం చూసుకోవచ్చని. ఐదు చోట్ల కొలిచాడు. ఐదు చోట్లా సూది ముప్పై ఎనిమిదికి తగ్గలేదు.

అది మునిరామయ్య చేను. రెండెకరాలు, ఆ చుట్టుపక్కల అంత మంచి వేరుసెనగ ఎవరికీ పండదు. సర్వే వాళ్లు వచ్చారని మునిరామయ్య అప్పుడే ఉడకబెట్టిన కాయలు మోదుగాకులో పోసి తెచ్చాడు. సూది పైకి లేవడం చూసి, చెంగల్రాయుడు చేతిలోని ఆకును మెల్లిగా గట్టు మీద పెట్టేశాడు. ఒక్క కాయ కూడా నోట్లో వేసుకోలేదు. అది మునిరామయ్య చూశాడు, ఊరూ చూసింది.

తర్వాత వచ్చిన ఆఫీసరు ఆ అంకె చుట్టూ ఎర్ర గీత గీశాడు. నాలుగు మూలలా ఎర్ర రంగు కట్టెలు పాతించారు. మళ్లీ పరీక్ష చేసేదాకా సాగు చెయ్యొద్దని కాగితం పంపారు. మళ్లీ పరీక్షకు ఎవరూ రాలేదు. ఆఫీసు వేరే పనుల్లో పడిపోయింది, కాగితం ఏ కట్టలోనో చేరింది. కొలత జరిగిన సాయంత్రమే చెంగల్రాయుడి భార్య పంకజాక్షి ఆ గడియారాన్ని చూసి ఇనప్పెట్టెలో దాచేసింది. "ఎండలో మన్నులో పొర్లేదానికా ఇది? పెండ్లిండ్లకు కట్టుకుందువులే" అంది. పదేళ్లు అలాగే పెళ్లిళ్లకూ తిరుమలకూ మాత్రమే కట్టుకున్నాడు. పిల్లలు లేని ఇంట్లో ఆ గడియారాన్ని ఆమె బిడ్డను చూసుకున్నట్టే చూసుకుంది. పోయినేడు ఆమె జ్వరంతో పోయాక, దాచేవాళ్లు లేక, రోజూ కట్టుకోవడం మొదలుపెట్టాడు.

అలా కట్టుకున్న రెండో వారం ఆఫీసులో మీటరు సరిచూస్తుంటే, ఆయన ఎడమచెయ్యి దగ్గరకు పోయినప్పుడల్లా సూది ఎగిరింది. "చెంగల్రాయుడూ, మీ గడియారమయ్యా! రేడియం! వెలుగు చచ్చినా కిరణాలు చావవు!" అని బాలసుబ్రమణ్యం నవ్వాడు. అందరూ నవ్వారు. చెంగల్రాయుడు మాత్రం నవ్వకుండా డెబ్బై రెండు నాటి కట్టలు విప్పాడు. పాత పుస్తకం వెతికి తీసి చూశాడు. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, ముప్పై ఎనిమిది, ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది. ఏ మన్నూ ఐదు చోట్ల ఒకే మాట చెప్పదు. అప్పటికే ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడు అంత చిన్న సంగతి ఆ రోజెలా చూడలేదు? గడియారం చూసుకుంటూ ఉన్నాడు, అందుకని.

చేను కనబడింది. కనబడగానే గుర్తుపట్టాడు, చుట్టూ అందరి చేలల్లో మడకలు దున్నుతున్నాయి గనక. తొలకరి వాన పడి రెండు రోజులైంది. ఈ రెండెకరాల్లో మాత్రం తంగేడూ వెంపలీ తుమ్మమొక్కలూ అడ్డదిడ్డంగా పెరిగి ఉన్నాయి. ఎర్ర కట్టెల్లో ఒక్కటే మిగిలింది. దాని రంగు రాలిపోయి, చెదలు పట్టింది.

చెంగల్రాయుడు గడియారం విప్పి, పాతిక అడుగుల దూరంలో ఉన్న గట్టు రాయి మీద పెట్టాడు. ఏడాదిగా ఇదే ఆయన అలవాటు. గడియారం లేకుండా నిమిషం ఎలాగంటే, దానికీ ఆయన ఉపాయం చేసుకున్నాడు. ఆఫీసు గోడగడియారం ముందు నిలబడి, నిదానంగా గోవింద నామం చెప్పుకుంటూ లెక్కపెట్టాడు. నలభై గోవిందలైతే నిమిషం. పది రోజులు సరిచూశాడు, ఒక్క నామం తేడా రాలేదు.

పొదల మధ్య మోకాళ్ల మీద కూర్చుని, చెవి చిప్పలు తగిలించుకుని, కుడిచేత్తో గొట్టాన్ని నేలకు దించాడు. గోవిందా. టిక్కు. గోవిందా. కొంచెం ఆగి, టిక్కు టిక్కు. గుండె కొట్టుకునే చప్పుడు అడ్డం పడి సరిగా వినిపించడం లేదు. కళ్లు మూసుకున్నాడు. నలభై నిండాక తెరిచి చూస్తే సూది పన్నెండు మీద ఉంది.

రెండో చోట పదకొండు. మూడో చోట పదమూడు. నాలుగో చోటికి లేవబోతుంటే తలమీద నీడ పడింది.

"మల్లా వచ్చినావా, టిక్కు పెట్టె ఎత్తుకోని?"

మునిరామయ్య. యాభై దాటి ఉంటాయి, జుట్టంతా నెరిసింది. చేతిలో కర్ర, వెనక రెండు మేకలు. చెంగల్రాయుడు చిప్పలు మెడలోకి దించి లేచి నిలబడ్డాడు.

"వచ్చినానప్పా. ఇంకా రెండు సోట్ల కొలవాల. కొలిసినాక నీతో ఒక మాట సెప్పాల."

"కొలుసుకో. ఈ సేన్లో ఇంకేమన్నా మిగిలి ఉంటే అది గూడా రాసుకోనిపో" అని మునిరామయ్య గట్టు మీద కూర్చున్నాడు.

పన్నెండు. పదకొండు. పుస్తకంలో రాసుకుని చెంగల్రాయుడు వచ్చి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"నీ సేను మంచిదే మునిరామయ్యా. అప్పుడూ మంచిదే. తప్పు నాది" అన్నాడు.

గడియారం సంగతి చెప్పాడు. చెబుతున్నంతసేపూ మునిరామయ్య మేకల వంకే చూశాడు.

"పదకొండేండ్లు" అన్నాడు చివరికి. "పుత్తూరులో ఇటిక బట్టీల్లో మోసినాను. నా పేరు పోయి టిక్కు సేనోడు అని పేరొచ్చింది. నా బాయి నీళ్లు ఎవురూ ముట్టలేదు. మా యమ్మ సచ్చేదాకా పోలేరమ్మకు పొంగళ్లు పెడతా ఉండె, నా బిడ్డ సేను ఏం పాపం సేసిందని. దేవతకు కోపం వచ్చిందనుకోనుండాము గదయ్యా మేము! నీ సేతికి గడియారం ఉండాదని మాకెట్ల తెలుస్తాది?"

చెంగల్రాయుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

"సరే, ఇప్పుడీ పెట్టె సెప్పేది నిజమని ఏం నమ్మకం?" అన్నాడు మునిరామయ్య. "ఆ పొద్దు సెప్పింది గూడా ఈ పెట్టే గదా?"

న్యాయమైన ప్రశ్నే. చెంగల్రాయుడు లేచి, చెవి చిప్పలు మునిరామయ్య తలకు తగిలించాడు. గొట్టం నేల మీద పెట్టి, రాయి దగ్గరికి పోయి గడియారం తెచ్చి దగ్గర పెట్టాడు. మునిరామయ్య ఉలిక్కిపడ్డాడు. గడియారం దూరంగా తీసుకుపోతే చప్పుడు తగ్గింది, తెస్తే పెరిగింది. "ఇట్లియ్యి" అని మునిరామయ్య గడియారం తనే లాక్కుని, తీగ ఎంత దూరం సాగితే అంత దూరం పోయి వచ్చాడు. ఒకసారి కాదు, ఐదారుసార్లు. చివరికి చిప్పలు తీసి ఇచ్చేసి, గడియారాన్ని తనే తీసుకుపోయి రాయి మీద యథాస్థానంలో పెట్టి, ఆ చెయ్యి పంచెకు తుడుచుకుంటూ వచ్చాడు.

"పెట్టె సంగతి సరే. నీ సంగతి సెప్పు. ఆ పొద్దు నేను తెచ్చిన చెనిక్కాయలు కింద పెట్టేస్తివి. ఈ పొద్దు మా ఇంటి కూడు ఈ సేన్లో కూసోని తింటావా?"

"పెడితే తింటా."

మునిరామయ్య గట్టెక్కి ఇంటి వైపు కేక వేశాడు. కాసేపటికి ఆయన భార్య కుప్పమ్మ గిన్నె నెత్తిన పెట్టుకుని వచ్చింది. విషయం విని నమ్మాలో వద్దో తెలియక, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. రాగి సంగటి, దాని నడుమ గుంటలో ఊరుబిండి పచ్చడి. చెంగల్రాయుడు ఆకును గట్టు మీద కాదు, చేని ఎర్ర మన్ను మీదే వేయించుకున్నాడు. కింద పడిన ముద్దను కూడా మన్ను దులిపి నోట్లో వేసుకున్నాడు. పక్క చేలల్లో మడకలు ఆగాయి. నలుగురు గట్టు మీదికి వచ్చి నిలబడి, ఆయన తినడం చూశారు. ఊరుబిండి కారానికి ముక్కు ఎగబీల్చుకుంటూ ఆయన రెండో ముద్ద అడిగాడు. పంకజాక్షి పోయాక ఇంత తృప్తిగా తినలేదు.

"నిదానంగా తిను అన్నా" అంది కుప్పమ్మ. ఆ అన్నా అన్న పిలుపు ఆయనకు సంగటి కంటే రుచిగా ఉంది.

మునిరామయ్య అప్పటికే లేచి నిలబడ్డాడు. "పదును పోతాది. ఎల్లప్పను ఎద్దులూ మడకా అడిగి తోలుకోనొస్తా. మొదటి సాలు నువ్వుండంగానే పడాల. యాడికీ పోవద్దు."

"యాడికి పోతాను? మూడు గంటలదాకా జీపే రాదు" అన్నాడు చెంగల్రాయుడు.

మునిరామయ్య వెళ్లాడు. కుప్పమ్మ గిన్నె తీసుకుని వెళ్లింది. గట్టు మీది నలుగురూ తమ మడకల దగ్గరికి వెళ్లారు. చెంగల్రాయుడు చేని మూల ఉన్న వేపచెట్టుకు వీపు ఆనించి, పుస్తకం తీసి, ఐదు అంకెల కింద నిదానంగా రాశాడు. "మునుపటి కొలతప్పుడు నా చేతికి రేడియం గడియారం ఉన్నది. తప్పు నాది, చేనిది కాదు." కింద సంతకం, తేదీ. అటెండర్లు పుస్తకంలో సంతకం పెట్టకూడదు. ఇవాళ పెట్టాడు.

రొమ్ములో ఉదయం పట్టేసిన చోటే మళ్లీ పట్టేసింది. ఈసారి అది చేతిలోకి కూడా దిగింది. కాసేపు ఆనుకుంటే పోతుందనుకున్నాడు. పని లేకపోయినా చిప్పలు చెవులకు తగిలించుకుని, గొట్టాన్ని పక్కన మన్ను మీద పెట్టాడు. ఇంకో మూడు రోజులైతే ఈ చప్పుడు వినే యోగం లేదు. టిక్కు. టిక్కు టిక్కు. తొలి చినుకులు పెంకుల మీద పడుతున్నట్టు, తీరికగా, ఇష్టం వచ్చినట్టు. మంచి మన్ను అలాగే మాట్లాడుతుంది. ఆయన కళ్లు మూసుకుని అలవాటు కొద్దీ గోవింద నామం మొదలుపెట్టాడు. ఏ అంకె దగ్గర ఆపాడో ఎవరికీ తెలియదు.

మునిరామయ్య ఎద్దులను తోలుకుని వచ్చేసరికి, ఆయన చెవులకు చిప్పలతో, కళ్లు మూసుకుని కనిపించాడు. కొలుస్తున్నాడనుకున్నాడు మునిరామయ్య. కొలిచేటప్పుడు నిమిషంపాటు కదలకూడదని పొద్దున చూసి నేర్చుకున్నాడు. ఎద్దుల మెడ గంటలు మోగకుండా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఒక నిమిషం అయింది, ఇంకొకటీ అయింది. ఎద్దు ఒకటి తల విదిలించింది. అప్పుడు గంట వదిలేసి, దగ్గరికి పోయి, "అన్నా" అని భుజం మీద చెయ్యి వేశాడు.

మూడు గంటలకు జీపు వచ్చింది. బాలసుబ్రమణ్యం పుస్తకం తెరిచి ఆ పేజీ చదివి, తలతిప్పుకున్నాడు. ఊరివాళ్లు నలుగురు చెయ్యి వేసి చెంగల్రాయుణ్ణి జీపులో పడుకోబెట్టారు. పెట్టె, గొట్టం, చిప్పలు, సంచీ, చెప్పులు అన్నీ ఎక్కించారు. కొర్లగుంట ఇంటికి దూరపు చుట్టాలు ఇద్దరు వచ్చారు. పద్ధతి ప్రకారం జరగవలసినవి జరిగాయి. ఆ వారంలోనే రిజిస్టరులో పాత అంకెను అడ్డంగా కొట్టేసి, పక్కన పన్నెండు అని రాసి, ఆఫీసరు సంతకం పెట్టాడు.

మునిరామయ్య మూడో రోజు మడక కట్టాడు. తంగేడు కొట్టేసి, తుమ్మమొక్కలు పెళ్లగించి, ఆ ఒక్క ఎర్ర కట్టెను పీకి పొయ్యిలోకి పంపాడు. పదకొండేళ్లుగా తిరగబడని మన్ను ఎర్రగా, తేమగా పైకి లేచింది. కుప్పమ్మ వెనకే సాలులో వేరుసెనగ విత్తనం వదులుతూ వచ్చింది. మొదటి సాలు గట్టు రాయి దాకా పోయేసరికి మునిరామయ్య ఎద్దులను ఆపాడు. చాలాసేపు ఆగాడు. తర్వాత మడక తిప్పుకుని రెండో సాలు మొదలుపెట్టాడు.

రాయి మీద గడియారం, పాతిక అడుగుల దూరంలో, చెంగల్రాయుడు పెట్టిన చోటే ఉంది, తాళం అయిపోయి ఆరూ ఇరవై దగ్గర ఆగి.